సోల్డర్ పేస్ట్: సిరంజితో చుక్కలు పెట్టాలా, స్టెన్సిల్ మీద లాగాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. భీమవరం దగ్గర చిన్న యూనిట్‌లో రొయ్యల చెరువుల ఏరేటర్లకు కంట్రోల్ బోర్డులు చేస్తున్నారు. నెలకు నలభై, యాభై బోర్డులు. 63/37 పేస్ట్‌ను (63 శాతం తగరం, 37 శాతం సీసం ఉన్న సోల్డర్ గింజలు, సోల్డర్ అంటుకోవడానికి తోడ్పడే ఫ్లక్స్ కలిసిన ముద్ద) సిరంజిలో తీసుకుని, బొటనవేలితో నొక్కి ప్యాడ్ల (బోర్డు మీద పార్టులు అతికే లోహపు చోట్లు) మీద చుక్కలు పెడుతున్నారు. పొద్దున బాగానే పడుతున్నాయి, మధ్యాహ్నం అయ్యేసరికి ఒక్కో చుక్క ఒక్కోలా వస్తోంది. 0.5 మి.మీ. పిచ్ (పక్కపక్క ప్యాడ్ల దూరం) ఉన్న క్యూఎఫ్ఎన్ (కాళ్లు బయటికి రాకుండా అడుగునే ఉండే ఐసీ) కింద షార్టులు వస్తున్నాయి. నీడిల్ మాటిమాటికీ మూసుకుపోతోంది. కంప్రెసర్ గాలితో సిరంజిని నొక్కే డిస్పెన్సర్ కొంటే ఇవన్నీ తీరతాయా అన్నది మీ ప్రశ్న.

తీరవు. ముందు స్టెన్సిల్ చేయించుకోండి, అంటే ప్యాడ్లు ఉన్న చోట రంధ్రాలు కోసిన పలచని రేకు, దాని మీద పేస్ట్‌ను బ్లేడుతో లాగుతారు. డిస్పెన్సర్ పనికిరాని వస్తువని కాదు, దానికి తగిన చోట్లు వేరే ఉన్నాయి, వాటి గురించి కింద రాస్తాను. కానీ ఒకే డిజైన్ బోర్డు నెలకు యాభై చేసేవాళ్లకు, అందులోనూ క్యూఎఫ్ఎన్ ఉన్నవాళ్లకు, స్టెన్సిలే దారి. నేను హైదరాబాద్ చర్లపల్లిలో ఎస్ఎంటీ (బోర్డు పైభాగం మీదే పార్టులు అతికించే) లైన్ మీద పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. మొదటి మూడేళ్లు చేతి ప్రింటింగే, అంటే స్టెన్సిల్ మీద చేత్తో పేస్ట్ లాగడమే. మీరు పడుతున్న బాధలు దాదాపు అన్నీ నేనూ పడ్డాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అసలు కారణం ఏమిటంటే, ప్యాడ్ మీద ఎంత పేస్ట్ పడాలన్నది స్టెన్సిల్‌లో ముందే ఖాయమైపోతుంది. రంధ్రం పొడవు, వెడల్పు, రేకు మందం, ఈ మూడే లెక్క. మీ క్యూఎఫ్ఎన్ ప్యాడ్ 0.25 × 0.6 మి.మీ. అనుకుందాం. 0.12 మి.మీ. రేకుతో దాని మీద పడే పేస్ట్ 0.018 ఘనపు మిల్లీమీటర్లు. పొద్దునైనా సాయంత్రమైనా, మీరు లాగినా మీ దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు లాగినా, పద్ధతి తప్పకపోతే కొంచెం అటూ ఇటూగా అంతే పడుతుంది. సిరంజి అలా కాదు. పేస్ట్ వేడి, నొక్కిన బలం, నొక్కిన సేపు, నీడిల్ ఎత్తు, సిరంజిలో ఇంకా ఎంత మిగిలి ఉంది, ఇలా ఐదారు విషయాలు కలిసి ఆ చుక్క పరిమాణాన్ని తేలుస్తాయి. ఇందులో ఏ ఒక్కటి మారినా చుక్క మారుతుంది. డిస్పెన్సర్ కొంటే నొక్కే బలం, సేపు మాత్రం స్థిరపడతాయి. మిగతావి అలాగే ఉంటాయి.

ఇంకో మాట చెప్తాను, దీంతో మీకు షార్టుల సంగతి తేలిపోతుంది. బయట దొరికే నీలం రంగు 22 గేజ్ నీడిల్ లోపలి రంధ్రం 0.41 మి.మీ. బయటి కొలత దాదాపు 0.72 మి.మీ. మీ ప్యాడ్ల మధ్య దూరం, సెంటర్ నుంచి సెంటర్‌కి, 0.5 మి.మీ. అంటే నీడిల్ మొనే పక్క ప్యాడ్ అంచు దాకా వచ్చేస్తోంది. చెయ్యి ఎంత నిలకడగా ఉన్నా దానితో ఒక్క ప్యాడ్ మీదే చుక్క పెట్టడం కుదరని పని. చాలామంది ప్యాడ్ల వరస మీద సన్నని గీతలా పేస్ట్ లాగేసి, కరిగాక సోల్డర్ తనంతట తానే విడిపోతుందని వదిలేస్తారు. కాళ్లు బయటికి కనిపించే ఐసీలకు అది కొంతవరకు నడుస్తుంది, ఎక్కడైనా షార్ట్ అయితే విక్‌తో (సోల్డర్‌ను పీల్చే రాగి అల్లిక) తీసేయొచ్చు. క్యూఎఫ్ఎన్ కింద మాత్రం మీకు కనపడదు, విక్ దూరదు.

స్టెన్సిల్ ఆర్డర్ ఇచ్చేటప్పుడు రేకు మందం మీరే చెప్పండి. చాలామంది ఈ గడి ఖాళీగా వదిలేస్తారు, వాళ్లు ఏది ఉంటే అది పంపిస్తారు. లెక్క సులువే. రంధ్రం వైశాల్యాన్ని, దాని లోపలి గోడల వైశాల్యంతో భాగించాలి. స్టెన్సిల్ డిజైన్‌కు ఉన్న ప్రమాణం ఐపీసీ 7525 ప్రకారం ఇది 0.66 కంటే ఎక్కువ ఉండాలి. తక్కువైతే పేస్ట్ ప్యాడ్‌ను వదిలేసి గోడలకే అంటుకుని స్టెన్సిల్‌తో పాటు పైకి లేచిపోతుంది. పైన చెప్పిన ప్యాడ్‌కే చూడండి. 0.15 రేకుతో 0.59 వస్తుంది, అంటే చాలదు. 0.12తో 0.74, బాగానే ఉంటుంది. 0.10తో 0.88, ఇంకా సాఫీగా వదులుతుంది. మీ బోర్డు మీద పెద్ద రిలే కనెక్టర్లు, టెర్మినళ్లు కూడా ఉంటాయి కాబట్టి నేనైతే 0.12 తీసుకుంటాను. మరీ సన్నగా పోతే వాటికి పేస్ట్ చాలదు. లేజర్‌తో కోసిన స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు, ఫ్రేమ్ లేనిదే చాలు. మంచి డిస్పెన్సర్ ఖరీదులో చిన్న భాగం కూడా ఉండదు.

క్యూఎఫ్ఎన్ మధ్యలో ఉండే పెద్ద గ్రౌండ్ ప్యాడ్ దగ్గర ఆగండి, ఇది ముఖ్యం. బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఇచ్చే ఫైల్‌లో ఆ ప్యాడ్ అంతటికీ ఒకే పెద్ద కన్నం ఉండొచ్చు. అలాగే కోయించకండి. కిటికీ అద్దాల్లా నాలుగైనా తొమ్మిదైనా చిన్న చతురస్రాలుగా విడగొట్టి, మొత్తం మీద ప్యాడ్ వైశాల్యంలో 50 నుంచి 70 శాతం మధ్య పేస్ట్ పడేలా చేయించండి. ఒకసారి మా దగ్గర ఒక మోటార్ డ్రైవర్ బోర్డు వచ్చింది. మధ్య ప్యాడ్‌కు నూరు శాతం కన్నం. రీఫ్లోలో, అంటే ఓవెన్‌లో సోల్డర్ కరిగించేటప్పుడు, ఆ పేస్టంతా కరిగి ఐసీ పడవలా తేలింది. ఒక పక్క కాళ్లకు సోల్డర్ అందనే లేదు, రెండో పక్క పక్కకు జరిగి షార్టయింది. మేం రెండు రోజులు ఓవెన్ టెంపరేచర్లు మారుస్తూ కూర్చున్నాం. తప్పు ఓవెన్‌లో లేదు. స్టెన్సిల్ మారిస్తే మొదటి బోర్డుకే ఆ సమస్య పోయింది. మీరు సిరంజితో ఆ మధ్య ప్యాడ్ మీద ఎంత పెడుతున్నారో నాకు తెలియదు గానీ, మీ షార్టుల్లో సగం అక్కడి నుంచే వస్తున్నాయని నా అనుమానం.

ఇక లాగే పద్ధతి. బోర్డును టేబుల్ మీద పెట్టి, దాని నాలుగు పక్కలా అదే మందం ఉన్న పాత బోర్డు ముక్కలు అంటించి గూడులా చెయ్యండి. టేప్ ఆ ముక్కలకే వెయ్యాలి, మీరు ప్రింట్ చేసే బోర్డు పైన ఎక్కడా టేప్ రాకూడదు. మామూలు సెల్లో టేప్ మందం 0.05 మి.మీ. దాకా ఉంటుంది. 0.12 రేకు కింద అది చేరిందంటే ఆ చుట్టుపక్కల పేస్ట్ దాదాపు ఒకటిన్నర రెట్లు పడుతుంది. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చేతి ప్రింటింగ్‌లో నేను చూసిన షార్టుల్లో ఎక్కువ భాగం ఈ సందు వల్లే. స్టెన్సిల్ ఒక అంచును గట్టిగా అంటించి తలుపులా లేచేలా పెట్టుకోండి. స్టీలు బ్లేడు వాడండి, రబ్బరుది పెద్ద కన్నాల్లోకి వంగి పేస్ట్‌ను తోడేస్తుంది. 60 డిగ్రీల వాలులో పట్టుకుని ఒకే వేగంతో, ఒక్కసారే లాగాలి. బ్లేడు ముందు పేస్ట్ చిటికెనవేలంత లావున చుట్టలా దొర్లుతూ రావాలి. దొర్లకుండా జారుతోందంటే పేస్ట్ చల్లగా ఉందో, ఎండిపోయిందో, తక్కువ వేశారో చూసుకోండి. బ్లేడు వెళ్లిన చోట రేకు మీద పేస్ట్ పొర మిగలకూడదు, మెరుస్తూ శుభ్రంగా కనిపించాలి. రెండోసారి లాగకండి. మొదటిసారి సరిగ్గా రాలేదని మళ్లీ లాగితే పేస్ట్ కిందికి కారి అంచులు అలుక్కుపోతాయి.

తప్పు పడితే? అక్కడక్కడా సూదితో గీకి సరిచేయాలనిపిస్తుంది. వద్దు. బోర్డు మొత్తం తుడిచేసి, ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కడిగి, బ్రష్ చేసి, ఆరబెట్టి మళ్లీ ప్రింట్ చెయ్యండి. ఐపీఏ మంటలు అంటుకునేది, ఓవెన్‌కి దూరంగా, కిటికీ తీసి చెయ్యండి. వయా రంధ్రాల్లో (బోర్డు రెండు వైపులనూ కలిపేవి) సోల్డర్ గింజలు ఇరుక్కుని ఉంటాయి, భూతద్దంతో వెతకండి. నాలుగైదు బోర్డులకోసారి స్టెన్సిల్ అడుగు కూడా తుడవాలి.

ఇంతవరకు పనిముట్ల సంగతి. ఇప్పుడు పేస్ట్. మీ సందేశంలో ఒక వాక్యం చదివి నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. పేస్ట్‌ను ఇంట్లో ఫ్రిజ్‌లోనే పెడుతున్నాం అని రాశారు. దయచేసి ఈ రోజే తీసేయండి. 63/37 అంటే అందులో లోహం 37 శాతం సీసం. పాలు, పెరుగు, పిల్లలు తినేవి ఉండే చోట అది ఉండకూడదు. పాతదైనా సరే, ఒక చిన్న ఫ్రిజ్ యూనిట్‌లో విడిగా పెట్టుకోండి. పని చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి, ఆ టేబుల్ మీద టీ గ్లాసు పెట్టొద్దు. తుడిచిన టిష్యూలు మామూలు చెత్తలో కలపకుండా వేరే డబ్బాలో వేయండి.

ఫ్రిజ్ వేడి 0 నుంచి 10 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రీజర్‌లో పెట్టకూడదు. సిరంజిలను మొన కిందికి ఉండేలా నిలువుగా పెట్టాలి. ఫ్లక్స్ విడిపోయినా అది పైకి తేలుతుంది, మొదటి చుక్కలోనే ఉత్త ఫ్లక్స్ రాదు.

బయటికి తీశాక కనీసం నాలుగు గంటల దాకా మూత తియ్యకండి. మీ ఊళ్లో ఇది మాకంటే మీకే ఎక్కువ అవసరం. 30 డిగ్రీల ఎండ, 80 శాతం తేమ ఉన్న రోజున గాలిలోని తేమ 26 డిగ్రీల దగ్గరే నీరుగా మారుతుంది. కూల్‌డ్రింక్ సీసా మీద చెమట పట్టినట్టే, 5 డిగ్రీల పేస్ట్ మీద మూత తియ్యగానే నీళ్లు పడతాయి. ఆ నీరు రీఫ్లోలో ఆవిరై పేస్ట్‌ను చిమ్ముతుంది. తొందరపడి హీటర్ దగ్గరో, వేడి నీళ్లలోనో పెట్టినా పేస్ట్ పాడవుతుంది. ఒక జులైలో మా దగ్గర కొత్త ఆపరేటర్ ఆర్డర్ తొందరలో గంటకే డబ్బా తెరిచాడు. రెండు వందల బోర్డుల మీద, కెపాసిటర్ల పక్కన, ఆవగింజల్లో పదో వంతు లేని సోల్డర్ గింజలు. వారం రోజులు భూతద్దం కింద ఒక్కొక్కటీ ఏరాం. అతని తప్పు కూడా కాదది, డబ్బా మీద తీసిన టైము రాయమని మేం ఎవరం చెప్పలేదు. ఆ తర్వాత నుంచి ఫ్రిజ్‌లోంచి తీసిన టైము, మూత తీసిన టైము, రెండూ మార్కర్‌తో రాయడం అలవాటు చేశాం.

తెరిచాక ప్లాస్టిక్ గరిటెతో ఒకటి రెండు నిమిషాలు నెమ్మదిగా కలపండి. పేస్ట్ పెరుగు లాంటిది, కదిపితే పలచబడుతుంది, వదిలేస్తే మళ్లీ గట్టిపడుతుంది. స్టెన్సిల్ మీద బ్లేడుతో దొర్లేటప్పుడు పలచనై కన్నంలోకి దిగి, ప్యాడ్ మీద పడ్డాక నిలబడేది ఆ గుణం వల్లే. గట్టిపడిందని ఐపీఏ గానీ, థిన్నర్ గానీ, విడిగా కొన్న ఫ్లక్స్ గానీ కలపొద్దు. పలచబడినట్టే కనిపిస్తుంది, ప్రింట్ అయ్యాక కారిపోతుంది, రీఫ్లోలో అంటుకోదు. అలాంటి పేస్ట్ పారేయడమే.

మీ మధ్యాహ్నం సమస్యకు ఇక్కడే జవాబుంది. వేడి పెరిగితే పేస్ట్ పలచబడుతుంది, అదే బలంతో నొక్కినా ఎక్కువ వస్తుంది. ఒక మే నెలలో కరెంటు పోయి రెండు గంటలు ఏసీ లేదు. డిస్పెన్సర్ సెట్టింగ్ ఎవరూ ముట్టుకోలేదు, అయినా చుక్కలు కంటికి తెలిసేంత పెద్దవయ్యాయి. మీకు దానికి తోడు బొటనవేలి అలసట కూడా ఉంది. ప్రింట్ చేసే గది 22 నుంచి 28 డిగ్రీల మధ్య, తేమ 60 శాతం లోపు ఉంచగలిగితే చాలు. పూర్తి యూనిట్‌కు ఏసీ పెట్టలేకపోతే ఒక చిన్న గది వేరు చెయ్యండి. అదీ కాకపోతే ప్రింటింగ్ పనంతా ఉదయం పదింటి లోపు ముగించండి. ప్రింట్ చేసిన బోర్డులను మధ్యాహ్నం దాకా ఉంచకుండా వెంటనే పార్టులు పెట్టి ఓవెన్‌లోకి పంపండి.

ఇప్పుడు డిస్పెన్సర్ ఎక్కడ కావాలో చూద్దాం. ఒక్క పార్టు మార్చే రిపేరు పని. రెండో వైపు ఇప్పటికే పార్టులు ఎక్కేసి, స్టెన్సిల్ సమంగా ఆనని బోర్డు. స్టెన్సిల్ ఇచ్చిన దాని పైన ఇంకాస్త పేస్ట్ కావాల్సిన పెద్ద కనెక్టర్, షీల్డ్ డబ్బా. వారానికో డిజైన్ మారే ఒకటి రెండు శాంపిల్ బోర్డులు. మీ రిలే టెర్మినళ్లకు స్టెన్సిల్ పేస్ట్ చాలకపోతే అక్కడ మాత్రం చుక్క కలపడానికి కొనుక్కోవచ్చు, అదీ ఆర్నెల్లు స్టెన్సిల్‌తో చేశాక.

అప్పుడైనా, ఇప్పుడు మీ చేతి సిరంజికైనా, నీడిల్ మూసుకుపోవడానికి కారణాలు ఇవే. మొదటిది, డబ్బాలోని ప్రింటింగ్ పేస్ట్‌ను సిరంజిలో నింపడం. మీరు చేస్తున్నది ఇదేనని అనిపిస్తోంది. ప్రింటింగ్ పేస్ట్‌లో బరువులో 88 నుంచి 90 శాతం లోహం ఉంటుంది. డిస్పెన్సింగ్ కోసం చేసిన దాంట్లో 84 నుంచి 87 దాకా. తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ ఫ్లక్స్ చాలా తేలిక కాబట్టి, పరిమాణంలో చూస్తే ప్రింటింగ్ పేస్ట్‌లో సగం లోహం, సగం ఫ్లక్స్. ఆ ఫ్లక్స్ కాస్త తగ్గితే గింజలు ఒకదానికొకటి ఒరుసుకుని సన్న గొట్టంలో బిగుసుకుంటాయి. పైగా చేత్తో నింపితే గాలి బుడగలు చేరతాయి. బుడగ స్ప్రింగులా పనిచేస్తుంది, నొక్కడం ఆపాక కూడా పేస్ట్ కారుతూనే ఉంటుంది. కంపెనీ నింపి అమ్మే సిరంజినే కొనండి.

రెండోది నీడిల్ సైజు. లోపలి రంధ్రం, పేస్ట్‌లోని అతి పెద్ద గింజకు కనీసం ఏడెనిమిది రెట్లు ఉండాలి. టైప్ 3 పేస్ట్ గింజలు 25 నుంచి 45 మైక్రాన్లు, దానికి నీలం 22 గేజ్ సుఖంగా ఉంటుంది, నారింజ రంగు 23 గేజ్ (0.33 మి.మీ.) అంచు మీద ఉన్నట్టే. టైప్ 4 గింజలు 20 నుంచి 38 మైక్రాన్లు, 23 గేజ్ బాగా నడుస్తుంది. ఎరుపు 25 గేజ్ (0.25 మి.మీ.) వాడాలంటే టైప్ 5 తీసుకోండి. పొడవాటి స్టీలు నీడిల్ కంటే గరాటులా సన్నబడే ప్లాస్టిక్ టిప్ చాలా మేలు. పొడవైన సన్నని గొట్టంలో పేస్ట్ దారంతా ఒరుసుకుంటూ రావాలి, గరాటు టిప్‌లో ఆ కష్టం చివరి కొస దగ్గరే.

మూడోది ఒత్తిడి. మూసుకుపోయింది కదా అని ఇంకా గట్టిగా నొక్కుతాం. దానితో ఫ్లక్స్ మాత్రం ముందుకు పోయి, గింజలు వెనక గట్టిగా కూరుకుంటాయి. అప్పుడిక ఆ టిప్ మార్చాల్సిందే. తక్కువ ఒత్తిడి, కాస్త ఎక్కువ సేపు, పెద్ద టిప్, ఈ దిశలో వెళ్లండి. మొనను బోర్డుకు ఎంత ఎత్తులో పట్టుకోవాలంటే, లోపలి రంధ్రంలో సగం. ఇంకా ఎత్తులో ఉంటే చుక్క మొనకే అతుక్కుని లేస్తుంది, మరీ దగ్గరైతే పక్కలకు పాకుతుంది. కంప్రెసర్ గాలికి నీళ్లు పట్టే ఫిల్టర్ తప్పనిసరి.

డిస్పెన్సర్ కొన్నాక కూడా సిరంజి ఖాళీ అయ్యే కొద్దీ చుక్క చిన్నదవుతుందని గుర్తుంచుకోండి. లోపల గాలి నిండే చోటు పెరుగుతుంది, ఒత్తిడి అందడానికి ఆలస్యమవుతుంది. దీన్ని కంటితో పట్టుకోవడం కష్టం. మేం చేసేది ఇది: మిల్లీగ్రాము దాకా చూపే తూకం మీద అల్యూమినియం రేకు ముక్క పెట్టి, దాని మీద రెండు వందల చుక్కలు వేసి తూస్తాం. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సిరంజి సగమయ్యాక ఒకసారి. పదో వంతు తేడా వస్తే టైము సరిచేస్తాం.

మీరు అడగని రెండు విషయాలు. మీ బోర్డులు చెరువు గట్టు మీద, ఉప్పు తేమలో ఉంటాయి. నో-క్లీన్ (కడగనక్కర్లేని) పేస్ట్ అయినా, ఓవెన్‌లో పూర్తిగా వేడెక్కకపోతే ఫ్లక్స్ మిగిలి ఆ తేమతో కలిసి రాగిని తినేస్తుంది. 63/37 కరిగేది 183 డిగ్రీల దగ్గర, కనుక బోర్డు మీద 210 నుంచి 220 దాకా చేరుతోందో లేదో థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) అంటించి చూడండి, ఓవెన్ డిస్‌ప్లేను నమ్మకండి. కడిగితే పూర్తిగా కడగండి. ఐపీఏలో ముంచిన బ్రష్‌తో పైపైన రాస్తే ఫ్లక్స్ తెల్లగా పరుచుకుంటుంది, కడగకపోవడం కంటే అది చెడ్డది. తర్వాత తేమ తగలకుండా కాపాడే కన్ఫార్మల్ కోటింగ్ వెయ్యండి. రెండోది, మన దేశంలో ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం జాబితాలో ఉన్న ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసం 0.1 శాతం దాటకూడదు. మీ కంట్రోలర్ ఆ జాబితాలోకి వస్తుందేమో ఒకసారి చూసుకోండి. వస్తే సీసం లేని ఎస్ఏసీ305 సోల్డర్‌కి మారాలి. అది కరిగేది 217 నుంచి 220 డిగ్రీల మధ్య, బోర్డు 235 నుంచి 245 దాకా చేరాలి, మీ ఓవెన్ అంత లాగుతుందా అన్నది స్టెన్సిల్ కంటే ముందు తేల్చుకోవాలి.

చివరగా, సిరంజిలో మిగిలిన పేస్ట్‌ను తిరిగి కొత్త డబ్బాలో కలుపుతున్నామని రాశారు. ఆపేయండి. విడిగా చిన్న డబ్బాలో తీసి, మరుసటి రోజు ముందు దాన్నే వాడండి, ఆ రోజు కూడా మిగిలితే పారేయండి. 500 గ్రాముల డబ్బా కొనే బదులు 250 గ్రాములది కొంటే ఈ ఇబ్బందే ఉండదు. స్టెన్సిల్ ఆర్డర్ ఇచ్చే ముందు దాని ఫైల్, క్యూఎఫ్ఎన్ ప్యాడ్ కొలతలు ఇక్కడ పెట్టండి, మధ్య ప్యాడ్ కిటికీలు నేను చూసి చెప్తాను.